చిన్న విమానాశ్రయానికి కాపలా కన్ను



ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న ఆరంభమైనప్పుడు సిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటు కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు సర్వీసులు కూడా మొదలయ్యాయి. 2022లో కొరాపుట్ జిల్లా జయపురానికీ చిన్న విమానం వచ్చింది. మన సరిహద్దు ప్రాంతాలకు ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే రన్‌వే, టికెట్ల కౌంటరు ఉన్నంత మాత్రాన విమానాశ్రయం పూర్తయినట్టు కాదు. అక్కడి రాకపోకలను కనిపెట్టి చూసే కంట్రోల్ టవరు ఎలా ఉండాలో ఈరోజు తెలుసుకుందాం.

ఆకాశంలో ఉన్న విమానాన్ని రాడార్ చూపుతుంది. రన్‌వే మీదికి వచ్చిన కుక్కనో, జీపునో మనిషి కంటితో చూసి పట్టుకోవాలి. అందుకే రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడేంత ఎత్తులో టవరు గదిని కడతారు. అద్దాలను పైభాగం బయటికి వాలేలా బిగిస్తారు. లోపలి దీపాల నీడలు అధికారి చూపుకు అడ్డురాకుండా ఈ ఏర్పాటు. రేడియో పనిచేయకపోతే దీపం ఉంటుంది. దిగబోయే విమానానికి నిలకడగా వెలిగే పచ్చ దీపం చూపితే దిగవచ్చునని అర్థం.

మరి రోజుకు రెండు మూడు విమానాలు వచ్చే ఊళ్లో ఇంత ఖర్చు భరించడం ఎలా? స్వీడన్ దేశం ఒక దారి చూపింది. ఓర్న్‌షోల్డ్స్‌విక్ అనే చిన్న పట్టణపు విమానాశ్రయంలో స్తంభం మీద కెమెరాలు అమర్చారు. నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న సుంద్స్‌వాల్‌లో అధికారులు తెరల మీద ఆ దృశ్యం చూస్తూ 2015 ఏప్రిల్ నుంచి విమానాలకు అనుమతులు ఇవ్వసాగారు. 2021లో లండన్ సిటీ విమానాశ్రయం కూడా ఈ పద్ధతికి మారింది.

ఇందులో ఒక చిక్కుంది. రోడ్డు తవ్వితే టెలిఫోను కేబులు తెగడం మనకు కొత్త కాదు. కేబులు తెగితే ఈ కన్ను మూతపడుతుంది. అందుకే లండన్‌లో మూడు వేర్వేరు మార్గాల్లో కేబుళ్లు వేశారు. చవక అని కెమెరాలు పెట్టి కేబులు ఒక్కటే వేస్తే అది పొదుపు కాదు, ప్రమాదం.

మన ఊరికి విమానం కావాలని అర్జీలు పెట్టేటప్పుడు, రన్‌వేను ఎవరు చూస్తారు, ఆ చూపు పోతే రెండో ఏర్పాటు ఏమిటి అనే ప్రశ్నలనూ అందులో చేర్చడం మంచిది. ఎక్కేది మనవాళ్లే కదా!