నింటెండో ఇంట్లో బయటోళ్ల ఆటకు చోటుందా?

పోయిన వారం చిత్తూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, బీటెక్ థర్డ్ ఇయర్. యూనిటీ నేర్చుకుంటా ఉండా. నింటెండో స్విచ్‌కి గేమ్ చేస్తే వర్కవుట్ అవుతుందా? ఆ మెషీన్‌లో మారియో తప్ప బయట కంపెనీల గేములు అమ్ముడుపోవు అంటున్నారు, నిజమేనా?" అని.

మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో రిప్లై ఇచ్చేద్దాం అనుకున్నా. కానీ రాస్తా ఉంటే పెద్దదైపోయింది. అందుకే ఒక ఎపిసోడే చేస్తున్నా.

ముందు మీ ఇంట్లో అన్ననో, బాబాయినో పట్టుకుని ఒకటి అడగండి. "చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్‌లో నీకు గుర్తున్న ఆటలేంటి?" అని. తిరుపతిలో అయినా, చిత్తూరులో అయినా, మదనపల్లెలో అయినా ఒకటే లిస్టు చెప్తారు. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట, ట్యాంకుల ఆట, కార్ల ఆట. ఎండాకాలం సెలవుల్లో గంటకింత అని ఇచ్చి అంగట్లో కూర్చుని ఆడేవాళ్లం. క్యాసెట్ మీద 9999 గేములు అని రాసుంటుంది. తిప్పి తిప్పి చూస్తే ఇరవై కూడా ఉండవు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. క్యాసెట్ పట్టకపోతే తీసి నోటితో ఊదడం, మళ్లీ పెట్టడం. ఆ ఊదడంలో సైన్స్ ఏమీ లేదు గానీ, అందరం ఊదినాం.

ఆ మెషీన్ అసలు పేరు ఏమిటో తెలుసా? ఫ్యామిలీ కంప్యూటర్. ముద్దుగా ఫామికామ్. 1983 జులైలో జపాన్‌లో నింటెండో విడుదల చేసింది. మన ఊళ్లకు వచ్చినవి చాలావరకు దాని కాపీలే. పేరులోనే ఫ్యామిలీ ఉంది చూడండి, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఆడాలన్నది వాళ్ల లెక్క.

ఇప్పుడు ఆ లిస్టు మళ్లీ చూద్దాం. మారియో నింటెండోదే. బాతులది, అంటే డక్ హంట్, అదీ వాళ్లదే. మరి కాంట్రా? కొనామి. కార్ల ఆట రోడ్ ఫైటర్? అదీ కొనామి. ట్యాంకుల ఆట అసలు పేరు బాటిల్ సిటీ, నామ్‌కోది. అడ్వెంచర్ ఐలాండ్ హడ్సన్‌ది. డబుల్ డ్రాగన్ టెక్నోస్‌ది. అంటే మన అన్నలకు గుర్తున్న వాటిలో సగానికి జాస్తి బయటోళ్లవే! మనకు ఆ సంగతి తెలీదు, అంతే. మనకు అన్నీ "వీడియో గేమ్"లే.

కాబట్టి తమ్ముడూ, "నింటెండోలో బయటోళ్లు నెగ్గలేరు" అనే మాట మొదటి రోజు నుంచే తప్పు. 1984లో హడ్సన్, నామ్‌కో కంపెనీలు ఫామికామ్‌కి ఆటలు తెచ్చాయి. హడ్సన్ తెచ్చిన లోడ్ రన్నర్ పది లక్షలకు పైగా అమ్ముడైంది. అది అసలు అమెరికాలో పుట్టిన కంప్యూటర్ గేమ్. హడ్సన్‌వాళ్లు దాన్ని ఈ చిన్న మెషీన్‌కి సరిపోయేటట్టు మళ్లీ తయారు చేశారు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

అయితే ఇల్లు నింటెండోది. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎందుకు అంత గట్టిగా తాళం వేశారంటే, దానికి ముందు అమెరికాలో ఒక గొడవ జరిగింది. అటారి మెషీన్‌కి ఎవరు పడితే వాళ్లు ఆటలు తయారు చేసి మార్కెట్లో పోశారు. చెత్త ఎక్కువైంది. కొనేవాళ్లకు విరక్తి వచ్చింది. 1983లో అక్కడ మార్కెట్టే కూలిపోయింది. అమ్ముడుపోని అటారి క్యాసెట్లను న్యూ మెక్సికో రాష్ట్రంలో గుంత తీసి పూడ్చినారు, 2014లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి!

అందుకే నింటెండో 1985లో అమెరికాకు పోయినప్పుడు మెషీన్‌లో ఒక తాళం చిప్ పెట్టింది. వాళ్లు ఒప్పుకున్న క్యాసెట్ అయితేనే ఆడుతుంది. ఒక కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదు. క్యాసెట్లు కూడా నింటెండో దగ్గరే చేయించుకోవాలి, డబ్బు ముందే కట్టాలి. కొనామికి ఐదు చాలలేదు. ఏం చేసింది? అల్ట్రా అని ఇంకో పేరు పెట్టి, ఆ పేరు మీద ఇంకొన్ని ఆటలు వదిలింది. మన దగ్గర రేషన్ కార్డులు వేరు చేసుకుంటారు చూడండి, అట్లా.

సరే, ముందుకొద్దాం. అసలు ఈ "బయటోళ్లు నెగ్గలేరు" అనే మాట గట్టిగా వినపడింది వీ టైంలో. వీ అంటే 2006లో వచ్చిన మెషీన్. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే టీవీలో టెన్నిస్ ఆడేది. పది కోట్లకు పైగా అమ్ముడైంది. అవ్వాతాతలు కూడా ఆడారు. ఇంత పెద్ద మార్కెట్ అంటే బయట కంపెనీలు పండగ చేసుకోవాలి కదా? చేసుకోలేదు. ఎందుకు?

ఒకటి, వీ మెషీన్‌కి బలం తక్కువ. ఎక్స్‌బాక్స్ 360కి, ప్లేస్టేషన్ 3కి చేసిన పెద్ద గేమ్ దీంట్లో పట్టదు. మళ్లీ మొదటినుంచి చేయాలి. చాలా కంపెనీలు ఏం చేశాయంటే, మంచి టీముల్ని అక్కడ పెట్టి, మిగిలిన వాళ్లతో, మిగిలిన బడ్జెట్‌తో వీకి ఏదో ఒకటి చుట్టేశాయి. పెళ్లిలో ఆఖరి బంతికి వచ్చినోడికి అడుగూడ్చి పెడితే వాడికి తెలీదా? తెలుస్తుంది. కొనలేదు. అప్పుడు "వీ జనాలు మారియోనే కొంటారు" అన్నారు. నాకు ఈ వాదన మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

ఇక రెండోది. మంచిగా చేసినా, ఆ ఇంట్లో ఎవరున్నారో చూడకుండా చేస్తే పోలేదు. 2009లో ప్లాటినమ్ గేమ్స్ చేసిన మ్యాడ్‌వరల్డ్ ఉంది, సెగా విడుదల చేసింది. తెల్లా నలుపు బొమ్మలు, మధ్యలో ఎర్రటి రక్తం. రివ్యూలు బాగా వచ్చాయి. డబ్బులు రాలేదు. అవ్వ టెన్నిస్ ఆడే మెషీన్‌లో రక్తపాతం ఎవరికోసం?

అదే 2009లో యూబీసాఫ్ట్ జస్ట్ డాన్స్ తెచ్చింది. ఇది నాకు బాగా ఇష్టమైన కథ. అంతకుముందు వాళ్లు ర్యాబిడ్స్ అని కుందేళ్ల గేములు చేసేవాళ్లు. అందులో చిన్న చిన్న ఆటల మధ్య ఒక డాన్స్ ఆట ఉండేది. దాన్నే పెంచి వేరే గేమ్ చేశారు. రిమోట్ ఒక చేత్తో పట్టుకోవాలి, టీవీలో మనిషి ఎట్లా ఆడితే అట్లా ఆడాలి. అంతే. బటన్లు నేర్చుకోనక్కర్లేదు. విమర్శకులు పెదవి విరిచారు, ఇదొక గేమా అన్నారు. జనం లక్షల్లో కొన్నారు. వీ మెషీన్ ఆగిపోయాక కూడా, 2019లో సైతం దానికి కొత్త జస్ట్ డాన్స్ విడుదల చేశారంటే చూడండి. వీ తర్వాత వీయూ వచ్చింది, పోయింది, స్విచ్ కూడా వచ్చింది, అయినా పాత వీకి కొత్త ఆట!

ఇంకో సంగతి, ఇది మన తమ్ముడికి మరీ ముఖ్యం. 2008లో వరల్డ్ ఆఫ్ గూ అని ఒకటి వచ్చింది. 2డీ బాయ్ అనే టీమ్, ఇద్దరే ఇద్దరు మనుషులు. వీలో డౌన్‌లోడ్ చేసుకునే ఆటలకు 40 ఎంబీ దాటకూడదని రూల్. ఇప్పుడు మన వాట్సాప్‌లో ఒక పెళ్లి వీడియో అంతకన్నా పెద్దది ఉంటుంది. ఆ 40 ఎంబీలోనే వాళ్లు బంకముద్దలతో వంతెనలు కట్టే ఆట చేశారు. రిమోట్‌తో గురిపెట్టి ముద్దను పట్టుకోవడం, లాగడం, వదలడం. ఒకే ఇంట్లో నలుగురు కలిసి ఆడొచ్చు. హిట్ అయింది. అయితే ఆ డౌన్‌లోడ్ స్టోర్‌లో ఇంకో మెలిక ఉండేది. ఇన్ని కాపీలు అమ్ముడైతేగానీ డెవలపర్‌కు డబ్బు రాదు. ఆ గీత దాటలేక ఒక్క పైసా చూడనివాళ్లు ఉన్నారు.

స్విచ్ దగ్గరికొస్తే కథ మారింది. 2017లో వచ్చింది. పాత తప్పులు తెలుసుకుని నింటెండో చిన్న డెవలపర్లకు తలుపు బాగానే తెరిచింది. ఒకే ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ, పొలం చేసుకునే ఆట, ఆ ఏడాది స్విచ్‌లో అందరికన్నా ఎక్కువ డౌన్‌లోడ్ అయింది.

మరి మనోళ్లు? హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అని చేసింది, అది పీసీకి. నింటెండో దాకా పోయిన పెద్ద పేరు అంటే రాజీ. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్‌ది. తమ్ముణ్ని వెతుక్కుంటూ పోయే అమ్మాయి కథ, మన పురాణాలు, మన కోటలు. కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు సొంత ఫ్లాట్ అమ్మి గేమ్‌లో పెట్టారని అప్పట్లో వార్తల్లో వచ్చింది. చివరికి 2020 ఆగస్టు 18న అన్నిటికన్నా ముందు స్విచ్‌లోనే విడుదలైంది. అదే రోజు నింటెండో తన ఇండీ ప్రోగ్రామ్‌లో దాన్ని ప్రపంచానికి చూపించింది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో తొలి గేమ్ విభాగంలో నామినేట్ అయింది. గెలవలేదు, అయినా ఆ లిస్టులో పేరుంది.

ఇందులో ఒక వింత గమనించారా? ఆ స్విచ్ మన దేశంలో అధికారికంగా విడుదలే కాలేదు. ఆడినవాళ్లు దుబాయ్ నుంచో, సింగపూర్ నుంచో తెప్పించుకున్నవాళ్లు. అప్పట్లో మనం కాంట్రా ఆడితే కొనామికి పైసా పోలేదు. ఇప్పుడు మనోడు గేమ్ చేస్తే వాళ్ల పక్కింటి పిల్లోడే కొనలేడు. కొనేవాడు జపాన్‌లోనో, అమెరికాలోనో ఉంటాడు.

మరి ఫోనే చాలదా అంటావు. మన శ్రీసిటీలో 2015 నుంచే ఫోన్లు తయారవుతున్నాయి, ప్రతి ఇంట్లో ఉండాది. నిజమే. కానీ ఫోన్‌లో గేమ్‌కు డబ్బులిచ్చి కొనే అలవాటు లేదు, యాడ్స్ మీదే బతకాలి. స్విచ్ ఉన్నోడు ముందే డబ్బు కట్టి కొంటాడు. ఆ తేడా కోసమే ఈ కష్టం.

తమ్ముడూ, నా జవాబు ఇది. చెయ్యి, కానీ దాని కోసమే బతుకును పణంగా పెట్టకు. ఫ్లాట్ అమ్మినోళ్ల కథ వినడానికి బాగుంటుంది, మీ నాయన ఇల్లు అమ్మేదాకా పోవద్దు. ముందు పీసీకి చెయ్యి, స్టీమ్‌లో పెట్టడం తేలిక. చేసేటప్పుడే మూడు చూసుకో. కీబోర్డు లేకుండా కంట్రోలర్‌తోనే మొత్తం ఆడగలగాలి. పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఆగకుండా నడవాలి. చిన్న స్క్రీన్‌లో అక్షరాలు కనపడాలి. నాకు తెలిసి కుర్రోళ్లు మూడోదాంట్లోనే ఎక్కువ బోల్తా పడతారు. తర్వాత నింటెండో డెవలపర్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని అడుగు. ఒప్పుకోకపోతే పబ్లిషర్ ద్వారా పోవచ్చు, వాళ్ల వాటా వాళ్లు తీసుకుంటారు. ఏటా గేమ్ డెవలపర్ల సదస్సు జరుగుతుంది, ఐజీడీసీ. పబ్లిషర్లు అక్కడికి వస్తారు.

ఒక్క భయం మాత్రం ఉంది. తలుపు తెరిచాక స్విచ్ స్టోర్‌లో చిల్లర ధరకు చెత్త ఆటలు కుప్పలు పడ్డాయి. నీ ఆట బాగున్నా ఆ కుప్పలో కనపడకపోవచ్చు. అందుకే విడుదలకు ఆర్నెల్ల ముందు నుంచే చూపించడం మొదలుపెట్టు.

హడ్సన్ సంగతి గుర్తుపెట్టుకోమన్నా కదా. నువ్వు ఇప్పుడు చేస్తున్న షూటింగ్ గేమ్ డెమో చూశా. బాగుంది, కానీ అది మౌస్ గేమ్. దాన్నే ఇద్దరు ఒకే సోఫాలో కూర్చుని ఆడేటట్టు మార్చి చూడు. మీ చెల్లికి రెండో కంట్రోలర్ ఇవ్వు, నువ్వేమీ చెప్పకుండా పక్కన కూర్చో. ఆమె ఎక్కడ ఆగిపోతుందో వీడియో తీసి నాకు పంపు. వచ్చే ఎపిసోడ్‌లో దాని గురించి మాట్లాడదాం. ఉంటా మరి.