మన యంత్రము – మన యక్షరము

(నందిగామ, జగ్గయ్యపేట పఠనమందిరములలో చేయబడిన యుపన్యాసము)



జగ్గయ్యపేటలో పద్దులు, ఒడంబడికలు వ్రాయు మా చిన్న కార్యాలయమున నొక కంప్యూటరు కలదు. యంత్రము దృఢముగనే యున్నది. కాని దానిని నడపు విండోస్ 10నకు సామాన్యపోషణము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదగు విండోస్ 11, టీపీఎమ్ 2.0 అను రక్షణసాధనమును, నిర్ణీతమైన ప్రాసెసరులను కోరును. మా యంత్రమునకు ఆ యర్హత లేదు. చెడని వస్తువును పారవేయుటయా? తాళము లేని యింట కాపురముండుటయా? ఈ సంకటమున లినక్సు నాశ్రయించితిని.

లినక్సు మన దేశమున బుట్టినది కాదు. 1983లో అమెరికాయందు రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు మూలమును వెలువరించెను. అయినను అది పరాయిది యనుట తగదు. మన మెట్టరైతు సంకరజాతి ప్రత్తివిత్తనమును ఏటేట కొనవలసినదే. ఇంటి గాదెలోని కందివిత్తనమునో, దాచుకొనవచ్చును, పొరుగువానికి బెట్టవచ్చును. స్వేచ్ఛా సాఫ్టువేరు ఈ రెండవ తెగకు జెందినది. దాని మూలమును ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఆ హక్కువలననే మన సి-డాక్ సంస్థ డెబియన్‌ను గైకొని బాస్ లినక్సును 2007లో వెలువరించినది. కేరళ ప్రభుత్వపాఠశాలలు లినక్సును తమ పాఠములకు దగినట్లు దిద్దుకొన్నవి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తెలుగున నడచు వ్యవస్థను కూర్చినది.

ఇక నా యనుభవము వినుడు. ఒక ఆదివారము లినక్సు నెక్కించితిని. గంటలో పని ముగిసినది. కాని ఇల్లు అలకగానే పండుగ యగునా? మరునాడు పాత కాగితములు తెరచితిని. లెక్కల పట్టికలు, ఆంగ్లలేఖలు లిబ్రాఫీసులో చక్కగ దెరచుకొన్నవి. తెలుగు కాగితములన్నియు ఆంగ్లాక్షరముల చెత్తకుప్పగా గన్పట్టినవి! ఒక వృద్ధరైతు తన కౌలుకాగితపు నకలునకై వచ్చి, ఉత్తచేతుల మరలెను.

లినక్సును నిందింపబోయితిని. తప్పు దానిది కాదు. మేమిన్నేండ్లు వాడినవి యూనీకోడ్ కాని పాత లిపులు. అందు తెరమీద తెలుగక్షరము కనబడినను, లోపల నిలిచియుండునది ఆంగ్లసంకేతమే. ఆ లిపి యున్న యంత్రమున దప్ప అది తెలుగు కాదు. యూనీకోడునందో, 1991 నాటి మొదటి కూర్పునుండియు తెలుగునకు దనదైన స్థానము కలదు. అందు వ్రాసినది యే యంత్రమునను తెలుగే.

గావున మీకు నా విన్నపము. మొదట కాగితములన్నిటి నకలును వేఱొక డిస్కున భద్రపరచుడు. నేనట్లు చేసియుండుటవలననే బ్రతికితిని. పిమ్మట తెలుగు కాగితములను యూనీకోడునకు మార్చి, పేరులను, సర్వే నంబరులను మూలముతో సరిచూడుడు. లినక్సును పెన్‌డ్రైవునుండియే నడపి, ప్రింటరును, డిజిటల్ సంతకపు టోకెనును పరీక్షింపుడు. విండోసునందే నడచు లెక్కల ప్రోగ్రామున్నచో, ఇంటర్నెట్టు లేని యొక పాతయంత్రమున దానిని కొంతకాలము ఉంచుకొనుడు. అంతయు సరిపడిన పిదపనే పాతదానిని తుడిచివేయుడు.

యంత్రమును మార్చుట గంటపని. అక్షరమును విడిపించుట మాకు మూడుమాసములు పట్టినది. ఆ వృద్ధుని కౌలుకాగితము ఇపుడు లినక్సునను, విండోసునను, ఆయన మనుమని ఫోనునను గూడ తెలుగుగనే తెరచుకొనుచున్నది. నందిగామలోను, పేటలోను ఎన్నియో కార్యాలయముల బీరువాలలో, డిస్కులలో ఇట్టి కాగితములు బందీలై యున్నవి. వానిని విడిపించుటకు గడువు ముగియువరకు వేచియుండకుడు.