ఆరడుగుల దూరమున ఆయుధపూజ

పని చేయు చోట పండుగ జరుపుకొనుట మనకు క్రొత్త గాదు. ఇంటిలో దసరా అమ్మవారిది. కార్యాలయములో దసరా పనిముట్లది. కొలిమివద్ద సుత్తికి, బస్సుల డిపోలో చక్రమునకు, అచ్చుకూటములో యంత్రమునకు ఆనాడు పసుపు కుంకుమలు దక్కును. మా ప్రసార కేంద్రములో మైక్రోఫోనుకును, ధ్వనిముద్రణ యంత్రములకును, కరెంటు పోయినపుడు ఆదుకొను జనరేటరుకును బొట్టు పెట్టుట ఆచారము. పూజ ముగిసిన పిదప వరండాలో విస్తళ్లు వేసి పులిహోర, శనగ గుగ్గిళ్లు వడ్డించెడివారము.

2020 మార్చి 24 అర్ధరాత్రినుండి కోవిడ్ మహమ్మారి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. మరునాడే శార్వరి నామ సంవత్సరాది. ఆ ఉగాది పచ్చడి ఎవరి ఇంటిలో వారే తినవలసి వచ్చెను. అక్టోబరు 25న విజయదశమి వచ్చునప్పటికి కార్యాలయములు తెరచుకొన్నవి గాని, గుమిగూడుట ఇంకను ప్రమాదముగనే ఉండెను. పండుగ మానుటయా, మార్చుటయా అను ప్రశ్న మా యెదుట నిలిచినది. మార్చుటకే నిశ్చయించితిమి.

ఏటేట పూజ స్టూడియోలో జరిగెడిది. శబ్దము చొరకుండ తలుపులు బిగించిన గది అది, గాలియు ఆడదు. మాటతో, దగ్గుతో వెలువడు తుంపరలు అట్టి గదిలోనే ఎక్కువ కీడు చేయును. కావున పూజను ఆవరణలోని వేపచెట్టు క్రిందికి మార్చితిమి. నలుగురము మాత్రమే నిలుచుంటిమి. తక్కినవారు ఇండ్లలోనుండి ఫోను తెరపై చూచిరి. చేతులకు రాచుకొను శానిటైజరులో ఆల్కహాలు ఉండును. అది నిప్పంటుకొను వస్తువు. ఏప్రిల్ 5 రాత్రి దేశమంతట దీపములు వెలిగించినపుడే ఈ హెచ్చరిక వినబడినది. అందుచే కర్పూర హారతికి ముందు సబ్బు నీటితోనే చేతులు కడుగుకొంటిమి. జమ్మి ఆకును పెద్దల చేతిలో పెట్టి ఆలింగనము చేసికొనుటకు బదులు, బల్లపై ఉంచి ఆరడుగుల దూరమునుండి నమస్కరించితిమి. ప్రసాదమును పొట్లములుగ కట్టి, హాజరుపట్టీలోని పేర్ల ప్రకారము ఇండ్లకు పంపితిమి.

అంతయు సవ్యముగ జరిగినదని సంతోషించితిమి. రెండు దినములు గడచిన పిదప, గదులు ఊడ్చు ఆమె మమ్ము చూచి, “అయ్యగారూ, ఈ యేడు ఆఫీసులో పండగ చెయ్యలేదా?” అని అడిగినది. ఆ మాటలో నిష్ఠురము లేదు. నిజముగ తెలియకనే అడిగినది.

మేము ఇండ్లలో ఉన్న దినములలో కూడ తెల్లవారకముందే వచ్చి నేల కడిగినది ఆమె. కాంట్రాక్టరు ద్వారా వచ్చు మనిషి గనుక ఆమె పేరు మా పట్టీలో లేదు. రాత్రి కాపలావాని పేరును లేదు. వారి చేతిలో తెర గల ఫోనును లేదు. పూర్వము ఈ లోపము మాకు కనబడలేదు. కనబడవలసిన అవసరమును కలుగలేదు. విస్తరి ఎవరి పేరును అడుగదు, పొట్లము అడుగును.

ఆయుధపూజకు మనము చెప్పుకొను కథ యేది? పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి విరాటుని కొలువున చేరిన కథయే గదా! భీముడు వంటవాడు, నకులుడు గుఱ్ఱముల కాపరి, ద్రౌపది సైరంధ్రి. ఏడాది పాటు ఆ కొలువులో వారి నిజమైన పేరు ఎవరికిని తెలియదు. పేరు తెలియని పనివారి కథను తలచుకొనుచునే, మా గడపలోని పనివారిని మరచితిమి.

2021 అక్టోబరు 15న మరల విజయదశమి వచ్చెను. ఈసారి హాజరుపట్టీని తెరువలేదు. ద్వారముకడ కాపలావానిని పిలిచి, రాత్రింబగళ్లు ఈ గేటు దాటువారు ఎవరెవరని అడిగి వ్రాసికొంటిమి. మూడు జట్లుగ, మూడు వేళల, వేపచెట్టు క్రింద ప్రసాదము పంచితిమి. మైక్రోఫోను ప్రక్కన చీపురును ఉంచి దానికిని బొట్టు పెట్టితిమి. అది వింత యని ఎవరును అనలేదు.

మా వరండాలోనికి విస్తళ్లు తిరిగి వచ్చినవి. అయినను ఆనాటి జాబితాను మేము పారవేయలేదు. ఏటేట క్రొత్త పేర్లు చేర్చుచున్నాము. ఏ కారణముచేతనైన మీ కార్యాలయమున పండుగను చిన్నది చేయవలసి వచ్చినచో, పిండివంటలను తగ్గింపుడు, అలంకారమును తగ్గింపుడు. మనుష్యులను మాత్రము తగ్గింపకుడు.