ఇంగ్లీషు చెప్పడం కూడా ఒక చదువే
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాది 1985 పదో తరగతి బ్యాచ్. వంతెనలు, భవనాలు డిజైన్ చేసే ఇంజినీరుని. కార్యదర్శి గారు ఫోన్ చేసి "పిల్లల పైచదువుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంజినీరింగు గురించి మాట్లాడతానని ఆయన అనుకొని ఉంటారు. కానీ గడిచిన మూడు నాలుగేళ్లుగా మా ఇంట్లో నడిచిన చర్చంతా వేరే చదువు గురించి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీషు ఎలా నేర్పాలి అనే విషయంలో ఎం.ఏ. దాన్ని టెసల్ అనీ, టీసోల్ అనీ అంటారు. అలాంటి డిగ్రీ ఒకటి ఉందని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. ఆ డిగ్రీ ఎంచుకోవడంలో నేను చేసిన తప్పు చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

అమ్మాయి ఇంజినీరింగు చదివి మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. శనివారాల్లో వాళ్ల ఆఫీసు దగ్గరున్న ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. అదో కాలక్షేపం అనుకున్నాను. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, ఉద్యోగం మానేసి ఇంగ్లీషు చెప్పడం చదువుకుంటాను" అంది. "ఇంగ్లీషు చెప్పడానికి మళ్లీ చదువేంటమ్మా? నీకు ఇంగ్లీషు వచ్చుగా" అన్నాను. "మీకు తెలుగు వచ్చుగా నాన్నా. మనం అనాల్సిన చోటేదో, మేము అనాల్సిన చోటేదో ఒక బెంగాలీ ఇంజినీరుకి ఐదు నిమిషాల్లో నేర్పండి" అంది. ప్రయత్నించాను. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము అన్న సూత్రం దగ్గరకు రావడానికే నాకు పావుగంట పట్టింది. రోజుకు వందసార్లు వాడే మాటలే, కానీ ఏనాడూ వాటి గురించి ఆలోచించలేదు. ఇంగ్లీషులో రెండింటికీ 'ఉయ్' ఒక్కటే. అలాగే వాళ్లకున్న 'ఏ', 'ది' మనకు లేవు. 'నిన్న వచ్చిన మాస్టారు' అని మనం మూడు మాటల్లో చెప్పేదాన్ని వాళ్లు మాస్టారుని ముందు పెట్టి, 'హూ' తగిలించి, తిప్పి చెప్పాలి. పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, ఎందుకు తడబడతాడో తెలియాలంటే రెండు భాషల నిర్మాణమూ తెలియాలి. అది చదువే అని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక, అలవాటు ప్రకారం కంప్యూటరు ముందు కూర్చుని ఎక్సెల్ పట్టిక వేశాను. విశ్వవిద్యాలయం పేరు, ర్యాంకు, ఫీజు, ఎన్ని నెలలు, తర్వాత జీతం. ర్యాంకు బాగున్నది, తొందరగా అయిపోయేది పైకి వచ్చింది. విదేశంలో ఏడాది కోర్సు. అమ్మాయి ఇంకో వారం ఆగుదామంది. సీట్లు అయిపోతాయని తొందరపెట్టి నేనే అడ్వాన్సు ఫీజు కట్టేశాను. వీసాకి కాగితాలు సిద్ధం చేసుకునే సమయంలో అమ్మాయి అక్కడి పాత విద్యార్థిని ఒకామెతో మాట్లాడింది. ఆ కోర్సులో తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పే అవకాశం అసలు లేదు. ఉన్నదంతా సిద్ధాంతం. అప్పటికే కొన్నేళ్లు టీచర్లుగా పనిచేసి వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన కోర్సు అది. ఆ మాట వాళ్ల వివరాల్లోనే రాసి ఉంది. నేను ర్యాంకు చూశాను గానీ అది చదవలేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు, ఏడాదీ పోయింది. అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

పునాది వేసేముందు మట్టి పరీక్ష చేయించకుండా ఏ ఇంజినీరూ గీత గీయడు. నా కూతురి విషయంలో నేను ఆ పరీక్షే మానేశాను. రెండోసారి పట్టిక అమ్మాయి వేసింది. అందులో మొదటి గడి 'ఎవరికి చెప్పాలి?'. మీ పిల్లలో, మనవలో ఈ దారిలో వెళ్తామంటే పనికొస్తుందని ఆ పట్టికలోని ముఖ్యమైన సంగతులు చెబుతాను.

మొదటిది, ఎవరికి, ఎక్కడ చెప్పాలి అన్నది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చెప్పాలంటే బీఈడీ కావాలి, టెట్ రాయాలి, డీఎస్సీలో నెగ్గాలి. విదేశీ ఎం.ఏ. ఎంత గొప్పదైనా బీఈడీ స్థానంలో నిలబడదు. ఇక్కడి కాలేజీలో చెప్పాలంటే పీజీ, నెట్ చూస్తారు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలో చెప్పాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. కొన్ని ఎం.ఏ.లు లైసెన్సుతో కలిపి ఉంటాయి, చాలావాటిలో అది ఉండదు. లైసెన్సు లేని ఎం.ఏ.తో పెద్దలకు, వలస వచ్చినవాళ్లకు, విశ్వవిద్యాలయాల్లో చేరే విదేశీ విద్యార్థులకు చెప్పవచ్చు. ఒకే పేరున్న డిగ్రీ ఒకచోట తలుపు తీస్తుంది, ఇంకోచోట తీయదు.

రెండోది, పాఠం చెప్పే అభ్యాసం. ఎన్ని గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబెడతారు? వెనక కూర్చుని ఎవరు గమనిస్తారు? తర్వాత కూర్చోబెట్టి తప్పులు చెబుతారా? కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా అనే సర్టిఫికెట్ ఒకటి ఉంది. అది డిగ్రీ కాదు, 120 గంటల కోర్సు. అందులో కూడా కనీసం 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి. రెండేళ్ల డిగ్రీలో అంతకంటే తక్కువ ఉంటే ఆలోచించుకోవాల్సిందే.

మూడోది, ఏం నేర్పుతారు. ధ్వనిశాస్త్రం, వ్యాకరణం, మనిషి రెండో భాషను ఎలా నేర్చుకుంటాడు, పాఠ్యాంశాలు ఎలా తయారుచేయాలి, పరీక్షలు ఎలా పెట్టాలి, ఇవి ఉండాలి. పేరు ఇంగ్లీషు ఎం.ఏ. అయినా లోపలంతా సాహిత్యమే ఉంటే అది వేరే చదువు. మంచి చదువే, ఈ పనికి మాత్రం సరిపోదు.

నాలుగోది డబ్బు. అమెరికాలో ఈ ఎం.ఏ. మామూలుగా రెండేళ్లు, బ్రిటన్‌లో ఏడాది. అమెరికాలో చదువు అయ్యాక పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు. సైన్సు, ఇంజినీరింగు వాళ్లకు అదనంగా దొరికే 24 నెలలు ఈ డిగ్రీకి సాధారణంగా దొరకవు. టీచరు జీతంతో పెద్ద అప్పు తీరడం కష్టం. అందుకే ఫీజు మాఫీ చేసి, బోధన పని ఇచ్చే చోటు దొరికితేనే వెళ్లడం మేలు.

ఐదోది, దగ్గరే ఉన్నది కనిపించకపోవడం. హైదరాబాదులో 1958లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. 1972లో విదేశీ భాషలూ చేరి అది సీఫెల్ అయింది. 2007 నుంచి ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఇంగ్లీషు ఎలా బోధించాలి అన్నదానికే పుట్టిన సంస్థ. అక్కడ ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా ఉన్నాయి. దూరవిద్య విభాగం కూడా ఉంది. నా మొదటి పట్టికలో ఆ పేరే లేదు. విదేశాల్లో ఉన్నవే గడుల్లో పెట్టాను మరి.

చివరికి అమ్మాయి 2023లో అమెరికాలో, మీలో ఎవరూ పేరు విని ఉండని ఒక చిన్న ఊరి విశ్వవిద్యాలయంలో చేరింది. ర్యాంకు చెబితే మా బంధువులు పెదవి విరిచారు. కానీ ఫీజు మాఫీ. వారానికి 20 గంటలు అక్కడి ఇంగ్లీషు కేంద్రంలో పని. రెండో ఏడు ఊరి గ్రంథాలయంలో వలస వచ్చిన పెద్దవాళ్లకు ఉచితంగా నడిపే తరగతిలో పాఠాలు. కాంగో నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన ఆడవాళ్లు ఉండేవారట. వాళ్ల మధ్య మన గుంటూరు వైపు నుంచి కొడుకు దగ్గరకు వెళ్లిన ఒక పెద్దావిడ.

ఆవిడకు కాలాలు, వాక్యభేదాలు అక్కర్లేదు. మందుల షాపుకి ఫోన్ చేస్తే అక్కడివాళ్లు ముందు పుట్టినతేదీ అడుగుతారు. ఆవిడ ప్రతిసారీ కంగారుపడి ఫోన్ పెట్టేసేది. కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా బీపీ మాత్రలు లేకుండా ఉన్న రోజులున్నాయి. అమ్మాయి మూడు వారాల పాటు ఆ ఒక్క ఫోనే నేర్పింది. ఇద్దరూ వీపులు ఆనించుకుని, ముఖాలు కనబడకుండా కూర్చునేవారట. ఫోనులో ముఖం కనబడదు కదా. నాలుగో వారం ఆవిడ తనే ఫోన్ చేసి మందు తెప్పించుకుంది. "అమ్మాయ్, నా పుట్టినరోజు నేనే చెప్పుకున్నాను" అందట.

అది విన్నప్పుడు నాకు నా ఇంజినీరింగు మొదటి ఏడాది గుర్తొచ్చింది. సెమినారులో నిలబెట్టి అడిగితే సమాధానం తెలిసీ నోరు పెగల్లేదు. వాయిస్ మార్చమంటే బోర్డు మీద మార్చగలను. ఒక్క వాక్యం గొంతులోంచి రాలేదు. తరగతి నవ్వింది. ఆ తర్వాత రెండేళ్లు వెనక బెంచీలో కూర్చున్నాను. తెలుగు మీడియం నుంచి వెళ్లిన మీలో చాలామందికి ఇలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకొక సంగతి. అమ్మాయి ఒకసారి వాళ్ల పాఠాల గురించి చెబుతూ ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన పేరు చెప్పింది. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని కొన్ని మామూలు బడుల్లో ఆయన ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా పిల్లలకు చిన్న చిన్న చిక్కులు ఇచ్చి ఇంగ్లీషులో విప్పమనడం. రైల్వే టైమ్‌టేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం లాంటివి. మనసు లెక్క మీద ఉంటే భాష దానంతట అది పట్టుబడుతుందని ఆయన నమ్మకం. ఇంగ్లీషు బోధన చదివేవాళ్లు ఈనాటికీ ప్రపంచమంతటా దాని గురించి చదువుతారట.

రైల్వే టైమ్‌టేబుల్ అనగానే నేను కుర్చీలోంచి లేచాను. ఎనిమిదో తరగతిలో మన ఇంగ్లీషు మాస్టారు పాత టైమ్‌టేబుల్ పుస్తకం ఒకటి తెచ్చి, "మధ్యాహ్నం లోపల మద్రాసులో దిగాలి, విజయవాడలో ఏ బండి ఎక్కుతావురా? తెలుగులో చెబితే టికెట్ ఇవ్వను" అనేవారు. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదొక ఆట అనుకున్నాం. నిన్న సాయంత్రం మాస్టారింటికి వెళ్లి అడిగాను. "హైదరాబాదులో శిక్షణకి వెళ్లినప్పుడు చూపించార్రా. నచ్చి వాడాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, పోర్షను అవ్వాలి కదా, మానేశాను" అన్నారు. మాస్టారూ, ఆ ఆట నాలుగు నెలలే సాగింది. ఇంకొన్నాళ్లు సాగి ఉంటే నాకు ఆ వెనక బెంచీ ఉండేది కాదేమో. తప్పు మీది కాదు. ఆ పోర్షను మీ ఒక్కరి మెడకే చుట్టుకుని ఉంది.

ఇప్పుడు మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ఇంగ్లీషు ల్యాబు పెడదామని తీర్మానించాం. కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు. నేనూ చందా ఇచ్చాను, వెనక్కి అడగడం లేదు. కానీ తెలుగు మాత్రమే మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇప్పుడు లెక్కలు, సైన్సు కూడా ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తోంది. హెడ్‌ఫోను ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూడలేదు. టీచరు చూడగలరు, ఎలా చూడాలో ఆమెకు ఎవరైనా నేర్పితే. అందుకని నిధిలో సగం పక్కన పెట్టి, మన బడిలో ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయుల్లో ఇష్టపడిన ఇద్దరికి ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్ చదివే ఖర్చు సంఘం భరించాలని ప్రతిపాదిస్తున్నాను. ఫీజులు, పుస్తకాలు, తరగతులకు వెళ్లివచ్చే ప్రయాణ ఖర్చులు. ల్యాబుకి తగ్గే మొత్తంలో నా వంతు నేను మళ్లీ వేస్తాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

మా అమ్మాయి ఏమైందని అడుగుతారు. మే నెలలో డిగ్రీ అయింది. ఆ 12 నెలల గడువులో అక్కడే పెద్దవాళ్లకు పాఠాలు చెబుతోంది. తర్వాత వచ్చి బీఈడీ చేస్తానంటోంది. వచ్చాక మళ్లీ రెండేళ్ల చదువా అని వాళ్లమ్మ దిగులు. నేను ఈసారి పట్టిక వేయలేదు.

మాస్టారూ, ఆ టైమ్‌టేబుల్ పుస్తకం ఇంకా మీ అటక మీద ఉందని నిన్న అన్నారు. మీరు అనుమతిస్తే దాన్ని మన బడి గ్రంథాలయానికి అడుగుతున్నాను. అందులోని బళ్ల వేళలు ఇప్పుడు పనికిరావు. ఆ ప్రశ్న పనికొస్తుంది.