గోధుమ పడని చర్మం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. అయినా ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. ఒక పిల్లవాడు గోక్కుంటూ ఉంటే పక్కవాడు దూరంగా జరిగి కూర్చోవడం మేము తరగతిలో చూస్తూనే ఉంటాం. ఇళ్లలోనూ అంతే. ఖుజ్లీ అనగానే దుప్పటి వేరు, తువ్వాలు వేరు, చివరికి పళ్లెం కూడా వేరు! గజ్జి అయితే బట్టల విషయంలో జాగ్రత్త అవసరమే. కాని దురదలన్నీ అంటురోగాలు కావు.

అంటని దురదల్లో ఒకదాని పేరు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. 1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు లూయీ డూరింగ్ దీనిని వివరించి ఈ పేరు పెట్టారు. పేరు వినడానికి హెర్పీస్‌లా ఉన్నా ఆ వైరస్‌తో దీనికి సంబంధం లేదు. మోచేతులు, మోకాళ్లు, పిరుదులు, వీపు, తల మీద చిన్న చిన్న పొక్కులు గుంపులుగా లేస్తాయి. దురద, మంట భరించలేనంతగా ఉంటాయి. గోకి గోకి పొక్కు చితికిపోతుంది. డాక్టరుకు చూపేసరికి గీరిన గాట్లే మిగులుతాయి. అందుచేత గజ్జి అనో, ఎగ్జిమా అనో ఏళ్ల తరబడి పూతమందులు రాసుకునేవారు ఉంటారు.

అసలు కారణం చర్మం మీద లేదు, కంచంలో ఉంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది కొందరి ఒంటికి పడదు. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. దానిని సీలియాక్ జబ్బు అంటారు. గోధుమకూ ఆ జబ్బుకూ గల సంబంధాన్ని హాలెండు పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే 1950లో తన సిద్ధాంత గ్రంథంలో చూపించారు. ఈ చర్మవ్యాధి ఉన్నవారి పేగులోనూ అటువంటి మార్పే ఉన్నదని 1966లో బ్రిటన్ వైద్యులు కనుగొన్నారు. కడుపులో ఏ బాధా తెలియకపోయినా పేగు దెబ్బతిని ఉండవచ్చును. సీలియాక్ గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో హెచ్చు, మన దక్షిణాదిలో తక్కువ. అరుదు కాబట్టే గుర్తించడం ఆలస్యమవుతుంది.

పొక్కు పక్కనున్న చర్మాన్ని చిన్న ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు తేలుతుంది. రక్తపరీక్ష కూడా చేస్తారు. ఇక్కడొక ముఖ్య విషయం. పరీక్షకు ముందే సొంతంగా గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలో ఏమీ కనబడకుండా పోవచ్చు.

దీనికి వాడే డాప్సోన్ మాత్ర కొద్ది రోజుల్లోనే దురద తగ్గిస్తుంది. అదే మాత్రను కుష్ఠు వ్యాధికి కూడా వాడతారు. చీటీ చూసిన వాళ్లు చెవులు కొరుక్కుంటే ఆడపిల్ల సంబంధమే చెడిపోవచ్చు! మందు ఒకటే అయినంత మాత్రాన జబ్బు ఒకటి కాదని అందరం తెలుసుకోవాలి. ఆ మాటకొస్తే కుష్ఠు కూడా మందులతో నయమయ్యేదే. అయితే డాప్సోన్‌ను షాపులో కొని సొంతంగా వేసుకోరాదు. జీ-6-పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి దానివల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ముందుగా రక్తపరీక్ష తప్పనిసరి.

మాత్ర దురదను ఆపుతుంది గాని పేగును బాగుచేయదు. అందుకు జీవితాంతం గ్లూటెన్ మానడమే మార్గం. పథ్యం ఫలితం చర్మం మీద కనబడడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. ఓపిక కావాలి.

మన వంటల్లో రోటీ, నాన్, సమోసా, ఉప్మా రవ్వ, బిస్కెట్లు పనికిరావు. హలీంలో గోధుమ ఉంటుంది. షీర్‌ఖుర్మా సేమ్యాలోనూ ఉంటుంది. చాలా రకాల ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. అన్నం, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, పప్పులు, మాంసం, గుడ్లు, పాలు నిక్షేపంగా తినవచ్చు. కాని గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే పిండిలో పిండి కలుస్తుంది. సమోసాలు వేయించిన నూనె కూడా వాడరాదు.

తల్లులారా, దావత్‌కు వచ్చినవారు హలీం వద్దంటే ‘ఒక్క చెంచాడేగా’ అని బలవంతపెట్టకండి. ఆ చెంచాడే చాలు, మళ్లీ పొక్కులు లేవడానికి. కాస్త అన్నం, కూర విడిగా తీసి పెట్టండి. పళ్లెం మాత్రం వేరు పెట్టకండి, పక్కనే కూర్చోబెట్టుకోండి. వేరు చేయవలసింది గోధుమను, మనిషిని కాదు.