ప్లాస్టిక్ నలుసు: ప్రయోగశాల పరీక్ష, పంచాయతీ కర్తవ్యము
(కోనసీమ పంచాయతీ సభ్యులకై ప్రసంగపాఠము)



గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న మన కోనసీమకు కాలువలే జీవనాడులు. అమలాపురమైనను, రాజోలైనను, కొత్తపేటయైనను పొలమునకు, పశువులకు, మంచినీటి చెరువులకు ఆ నీరే ఆధారము. అందు పారవేసిన ప్లాస్టిక్ సంచి కుళ్ళదు. ఎండకు పెళుసుబారి, ముక్కలై, తుదకు నలుసులగును. మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్న చిన్నవైన నలుసులను నానోప్లాస్టిక్కులందురు. ఇవి కంటికి కనబడవు.

ఇవి మానవ శరీరములోని జీవకణములకు కీడు చేయునా? ఈ సంగతి తేల్చుటకు శాస్త్రజ్ఞులు పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో అతి సూక్ష్మమైన పూసలను తయారుచేసి, పాత్రలలో పెంచిన కణములపై ప్రయోగించుచున్నారు. కొన్ని పరీక్షలలో కణములు దెబ్బతినుట కనబడినది. కాని ఇందొక చిక్కు కలదు. అమ్మకమునకు వచ్చు పూసల ద్రవములో అవి ముద్దకట్టకుండుటకు సబ్బువంటి పదార్థము, చెడకుండుటకు సోడియం ఎజైడ్ అను విషపదార్థము కలిసియుండుట కద్దు. పురుగుమందు పట్టించిన విత్తనము తిని కోడి చచ్చినచో దోషము విత్తనముదందుమా? 2019లో వెలువడిన ఒక పరిశోధనలో డాఫ్నియా అను చిన్న నీటి ప్రాణులు చచ్చుటకు నలుసులకన్న ఆ ఎజైడే ముఖ్యకారణమని తేలినది. కావుననే నలుసులను ముందుగా డయాలిసిస్ పద్ధతిన శుద్ధిచేయవలెను. నలుసులు లేని ద్రవమును వేరుగా పరీక్షించి పోల్చవలెను. అంతియేగాక, నున్నని పూసలు మన కాలువలోని వంకర ముక్కలకు సరిసమానములు కావు.

అట్లయిన ప్లాస్టిక్ నిరపాయకరమా? అట్లనరాదు. ఇటలీ వైద్యులు మెడ ధమనులలో పేరుకొన్న క్రొవ్వు పదార్థమును తీసి పరీక్షించి, 2024లో ఫలితములు ప్రకటించిరి. 257 మందిలో 150 మందికి పాలిఎథిలీన్ నలుసులు కనబడినవి. అట్టివారికి గుండెపోటు, పక్షవాతము, మరణము కలుగు ముప్పు తక్కినవారికన్న సుమారు నాలుగున్నర రెట్లు అధికముగా నుండెను. నలుసులే కారణమని ఇది నిరూపింపదు. ఉపేక్ష తగదని మాత్రము హెచ్చరించును.

శాస్త్రము తేల్చువరకు మనము వేచియుండ నక్కరలేదు. సంచిగా నున్నప్పుడు చేతితో తీయగలము. నలుసైన పిదప దానిని పట్టు వల లేదు. ప్లాస్టిక్ వ్యర్థమును వేరుచేసి సేకరించుట, బహిరంగముగా కాల్చనీయకుండుట గ్రామపంచాయతీ బాధ్యతలని 2016 నాటి నియమములు విధించినవి. వేసవిలో కాలువలు కట్టినప్పుడే గట్ల వెంట, తూముల వద్ద చెత్తను ఏరింపుడు. సంతలలో గుడ్డ సంచులను ప్రోత్సహింపుడు. మరల నీరు విడుచునాటికి మీ గ్రామపు కాలువ శుభ్రముగా నుండవలెను.