మేక ఈనిన తొలి ఐదు నిమిషాలు



స్నాతకోత్సవంలో దేశ భవిష్యత్తు గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈ ఉదయం పట్టా అందుకున్న యువ పశువైద్యులైన మీతో నేను మాత్రం మేక ఈనిన తొలి ఐదు నిమిషాల గురించే మాట్లాడతాను.

పిల్ల నేల మీద పడగానే తల్లి వెనక్కి తిరిగి నాకడం మొదలుపెడుతుంది. నోరు తెరవకుండానే గొంతులో సన్నగా పిలుస్తూ ఉంటుంది. మామూలు రోజుల్లో ఉమ్మనీటి వాసనకు మొహం తిప్పుకునే మేకే ఈనే వేళకు దానికోసం వెంపర్లాడుతుంది. పిల్ల బయటికి వచ్చేటప్పుడు గర్భాశయ ముఖద్వారం సాగుతుంది, దాంతో మెదడులో ఆక్సిటోసిన్ విడుదలై ఈ మార్పు వస్తుంది. ఆ నాకుడులోనే తన పిల్ల వాసన తల్లికి పట్టుబడుతుంది. 1964లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ క్లాప్‌ఫర్ బృందం దీన్ని పరీక్షించింది. ఈనగానే ఐదు నిమిషాలు దగ్గరుంచి తీసేసిన పిల్లను గంటల తర్వాత తిరిగిచ్చినా తల్లులు చేరదీశాయి. ఆ కాస్త పరిచయమూ దక్కని పిల్లల్ని చాలా తల్లులు దగ్గరికి రానివ్వలేదు.

మన ఊళ్లలో ఏం జరుగుతుంది? చూడి మేక నొప్పులు పడుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఒకరు గోనెపట్టాతో తుడుస్తారు, ఇంకొకరు ఫోటో కోసం పిల్లను ఎత్తుకుంటారు. అంతా ప్రేమతోనే! తొలిచూలు మేక అసలే బెదిరి ఉంటుంది. నాకాల్సిన తడి గోనెకు అంటిందంటే, తర్వాత పిల్ల పొదుగు దగ్గరికి వచ్చినా కుమ్మేస్తుంది. అప్పుడు మీకు ఫోను: “డాక్టరు గారూ, మేక పాలియ్యట్లేదు, సూదేమన్నా ఉందా?” సూది సంగతి తర్వాత. ఈనగానే పిల్లను ఎవరు పట్టుకున్నారో ముందు అడగండి.

పిల్ల ఊపిరి తీసుకోకపోతే మాత్రం ఆలోచించకుండా చెయ్యి పెట్టండి. తల్లి కుమ్ముతుంటే కట్టేసైనా ముర్రుపాలు కుడిపించండి. మేకల్లో మావి గుండా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు. ముర్రుపాల నుంచి దాన్ని పీల్చుకునే దారి కూడా పేగులో ఒక్క రోజులోనే మూసుకుపోతుంది.

తల్లి చచ్చిన పిల్లను అప్పుడే ఈనిన ఇంకో మేకకు అలవాటు చేయాలంటే, ఆ మేక ఉమ్మనీరే పిల్లకు పూయాలి. ఇది మీరు చెబితే మంద కాసే తాత నవ్వుతాడు, ఎప్పటినుంచో చేస్తున్నదే కదా అని. నవ్వనివ్వండి. పూసేటప్పుడు ఆయన చేతికి కూడా గ్లౌజులు తొడిగించండి. బ్రూసెల్లా ఉన్న మందలో ఆ తడి మనుషులకూ ముప్పే.